నాలుగు పిల్లులకు అయిదు ట్రేలు

నవంబరు 3, సోమవారం. సాయంత్రం 6:40

రెజీనా పుట్టింటికి వెళ్ళింది. నడుములో డిస్కు జారింది. నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, మెట్లెక్కకూడదు అన్నారు డాక్టరు. మాది ముత్తుకూరులో మేడమీద అద్దె ఇల్లు. పద్దెనిమిది మెట్లు. బావమరిది గిద్యోను కారు మాట్లాడుకుని వచ్చి జువ్వలదిన్నె తీసుకెళ్ళాడు. నాకు పిల్లులు మిగిలాయి.

వంజరం, చందువా, సొర, రొయ్య. గిద్యోనుకు పడవ ఉంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఒక సంచిలో చేపలు ఇస్తాడు, ఇంకో సంచిలో పిల్లికూన. పిల్లులకు ఈ చేపల పేర్లు రెజీనా పెట్టింది.

నాలుగు పిల్లులకు అయిదు ట్రేలు. పిల్లికొకటి, పైన ఒకటి ఎక్కువ. ఇది సూత్రమట. హాలు మూల ఒకటి, పడకగది తలుపు వెనక ఒకటి, బాత్రూములో ఒకటి, వెనక వరండాలో రెండు.

కారెక్కే ముందు గంటసేపు పాఠం చెప్పింది. ట్రేలో పోసే లిట్టర్ ఇసుకలాగా ఉంటుంది. తడి తగిలిన చోట ముద్దకడుతుంది. ఆ ముద్దల్ని చిల్లుల గరిటెతో తీయాలి. తీసి లెక్కపెట్టాలి.

"వంజరంగాడివి పెద్దవి, నిమ్మకాయంత. తక్కినవాటివి ఉసిరికాయంత. రోజుకెన్నో నాకు సాయంత్రం చెప్పాల."

"లెక్కెందుకు?"

"మగపిల్లులకు ఒంటేలు బిగుసుకుంటది. ఒక పూట పోయకుంటే మనకు తెలియొద్దా?"

నేను థర్మల్ ప్లాంటులో బూడిద విభాగం సూపర్‌వైజర్‌ని. పద్నాలుగేళ్ళుగా లారీల లెక్కన బూడిద బయటికి పంపుతున్నాను. నాకు అయిదు ట్రేలు ఒక లెక్కా!

తీర్మానం: ఉదయం 4:45, సాయంత్రం 5:00. రెండు పూటలా, అయిదు ట్రేలూ, నెల రోజులు. ఒక్క పూట కూడా తప్పకూడదు.

నవంబరు 4, మంగళవారం. సాయంత్రం 5:50

రెండు పూటలూ అయింది. చిన్నవి ఏడు. నిమ్మకాయంతవి నాలుగు. మొత్తం పదకొండు.

ఫోన్లో చెప్పాను. రెజీనా "శభాష్" అంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి ఎందుకో గుర్తులేదు.

నవంబరు 5, బుధవారం

చార్టు తయారుచేశాను. అడ్డంగా పిల్లులు, నిలువుగా తేదీలు, చివర సంతకం గడి. ఆఫీసులో ప్రింటు తీసింది పెంచలకృష్ణ. నాతో పనిచేస్తాడు, బుచ్చిరెడ్డిపాలెం మనిషి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్లాంటులో కూడా మనం ఇంత బాగా రాయం గదన్నా."

ఫ్రిజ్‌కు అతికించాను.

ఒక గమనిక. 4:50కి ట్రే శుభ్రం చేస్తే చందువా 4:51కి ఎక్కుతుంది. అంతకుముందు ఎక్కదు. పక్కనే కూర్చుని మన పని పూర్తయ్యేదాకా చూస్తుంది.

నవంబరు 7, శుక్రవారం

వాన. లిట్టర్ సంచి అడుగంటింది. రెండు సంచులు తెప్పించమని ఆన్‌లైన్‌లో పెట్టాను. వానల వల్ల ఆలస్యమట. ఫరవాలేదు. ఉపాయం ఉంది.

నవంబరు 8, శనివారం. సాయంత్రం 6:15

దేవుడు కృష్ణపట్నంలో అంత ఇసుక పోసిపెట్టాడు. ముత్తుకూరులో కూర్చుని సంచిలో వచ్చే ఇసుక కోసం ఎదురుచూడటం ఏమిటి? పెంచలకృష్ణ బండి మీద వెళ్ళి రెండు గోతాలు నింపుకొచ్చాం. అయిదు ట్రేలూ నింపాను. ఇల్లు సముద్రపు ఒడ్డులా ఉంది!

6:40. ఇసుకలో పీత ఉంది.

7:20. పీత ఫ్రిజ్ వెనక ఉంది. రొయ్య కూడా అక్కడే ఉంది.

నవంబరు 9, ఆదివారం

సముద్రపు ఇసుక ముద్దకట్టదు. తడి అడుగుకు దిగిపోతుంది. పైన పొడిగా, అందంగా ఉంటుంది. గరిటెతో తీయడానికి ఏమీ ఉండదు. ఒకందుకు ఇదే సుఖం.

కానీ ఎవరు ఎన్నిసార్లు పోశారో తెలియదు.

సాయంత్రం రెజీనా అడిగింది. "ఎన్ని?"

"పదకొండు," అన్నాను.

అబద్ధం కాదు. మంగళవారం లెక్క.

నవంబరు 10, సోమవారం

కింద ఇంటి ఓనరు వెంకటశేషమ్మగారు మెట్ల దగ్గర ఆపారు. "సుశీలూ, పైన ఏందబ్బయ్యా ఎండబెడతుండారు? నెత్తళ్ళా?"

ట్రేల వాసన అని చెప్పలేక అవునన్నాను.

"నాకు రెండు పిడికిళ్ళు పంపు."

సాయంత్రం చేపల బజారుకెళ్ళి ఎండు నెత్తళ్ళు కొనుక్కొచ్చి ఇచ్చాను. ఈ పనివల్ల అయిదు గంటల శుభ్రం తప్పింది. తప్పింది నా వల్ల కాదని రాసుకుంటున్నాను.

నవంబరు 11, మంగళవారం

ఇసుక తీసేశాను. పెంచలకృష్ణ చిన్నాయనకు బియ్యం మిల్లు ఉంది. అక్కణ్ణించి ఊక. తేలిక, వాసన పీలుస్తుంది, ఎంత కావాలంటే అంత. మొదట మా బూడిదే వాడదామనుకున్నాను. చందువా తెల్లది. వద్దనుకున్నాను.

నవంబరు 12, బుధవారం

హాల్లో ఫ్యాను వేయకూడదు. ఈ సంగతి ఫ్యాను వేశాక తెలిసింది.

పప్పులో ఊక. దుప్పట్లో ఊక. బైబిలు సంచిలో ఊక. సొర మూడో ట్రేను మంచం చేసుకుంది. లేపితే కరిచింది. ఆ ట్రేని లెక్కలోంచి తీసేశాను.

ఫోను: "ఎన్ని?" "పన్నెండు." రోజూ పదకొండంటే అనుమానమొస్తుంది.

నవంబరు 14, శుక్రవారం

షిఫ్టు మారింది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. అంటే సాయంత్రం 5:00 నా చేతుల్లో లేదు. ఉదయం 4:45కి లేవాల్సిన అవసరం కూడా లేదు. ఏడుకు లేచినా ఉదయమే. ఎనిమిది కూడా ఉదయమే.

కొత్త పద్ధతి: రోజుకొక ట్రే, వరుసలో. అయిదు రోజులకు ఒక చుట్టు. ప్లాంటులో పెద్ద యంత్రాలకు కూడా ఇదే పద్ధతి.

నవంబరు 16, ఆదివారం

వరండాలో రెండు ట్రేలూ వానకు తడిసి ఊక ఉబ్బింది. వాటిని మూసేశాను. సొర పడుకునేది పోతే మిగిలినవి రెండు. నాలుగు పిల్లులకు రెండు చాలు. కలిసి పెరిగినవే. పంచుకోవడం అలవాటు కావాలి.

నవంబరు 17, సోమవారం

చార్టు వెనకబడింది. కూర్చుని ఒకేసారి నింపాను. ఎలాగూ కూర్చున్నాను కదా అని ముప్పయ్యో తేదీ దాకా నింపేశాను. నీలం పెన్నూ నల్ల పెన్నూ మార్చి మార్చి వాడాను. సంతకాలు కూడా అయ్యాయి. చూడటానికి చాలా బాగుంది. ఫోటో తీసి రెజీనాకు పంపబోయి, తేదీలు చూసి ఆగాను.

నవంబరు 20, గురువారం

శుభ్రం లేదు. వొళ్ళు నొప్పులు.

నవంబరు 21, శుక్రవారం

లేదు.

నవంబరు 22, శనివారం. మధ్యాహ్నం 12:30

వారాంతపు సెలవు. ఇంట్లోనే ఉన్నాను. వంజరం పొద్దుటినుంచి ట్రేలోకి వెళ్ళి వస్తోంది. వెళ్తుంది, కాసేపు కూర్చుంటుంది, గీకుతుంది, బయటికి వస్తుంది. మలబద్ధకం అనుకుంటాను. గుమ్మడికాయ ఉడికించి పెట్టాను. వాసన చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం 6:30. రెజీనా ఫోను.

"వంజరంగాడు?"

"నాలుగు. నిమ్మకాయంత."

"మంచిది. ఒకసారి వాడి గొంతు వినిపించండి."

"పడుకుని ఉంది."

ట్రేలో కూర్చుని ఉంది.

నవంబరు 23, ఆదివారం. ఉదయం 6:30

వంజరం మంచం కింద ఉన్నాడు. రెండుసార్లు కక్కాడు. బయటికి లాగితే ఏడ్చాడు. పిల్లి ఏడుపు కాదు అది. పొట్ట ముట్టుకున్నాను. లోపల రాయిలా గట్టిగా ఉంది.

ఎప్పుడు పోశాడో చూద్దామని చార్టు దగ్గరికి వెళ్ళాను. ఈ రోజు గడిలో నాలుగు అని ఉంది. టైము ఆరున్నర.

రెజీనాకు ఫోను చేశాను.

"వంజరం ఒంటికి పోయడం లేదు."

"ఎప్పట్నించి?"

"తెలియదు."

"నిన్న నాలుగన్నారే."

"నిన్న నేను చూడలేదు."

"మొన్న?"

"మొన్నా చూడలేదు. ఇసుక తెచ్చిన రోజునుంచీ లెక్క లేదు రెజీనా."

అవతల పడవ ఇంజను శబ్దం వినిపించింది.

"బుట్టలో పెట్టుకొని నెల్లూరులో జంతువుల డాక్టరు దగ్గరికి పోండి," అంది. "నాతో తర్వాత మాట్లాడొచ్చు."

అదే రోజు. సాయంత్రం 4:00

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కూరగాయల బుట్టలో పెట్టి పైన తువ్వాలు కట్టి ఆటోలో వెళ్ళాను. దారి పొడుగునా వంజరం అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. క్లినిక్ మూసి ఉంది. వాచ్‌మన్ ముత్యాలయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఆదివారం గదా సార్. డాక్టర్ క్యాథరిన్ మేడమ్ చర్చిలో ఉండారు. పాటలు పాడతారు. ఫోను ఎత్తరు."

చర్చికి వెళ్ళాను. ఆరాధన మధ్యలో ఉంది. ముందు వరుసలో గాయకబృందం, అందరూ తెల్లచీరల్లో. అందులో డాక్టరెవరో నాకు తెలియదు. చివరి బెంచీ మీద కూర్చుని బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు అరిచాడు వంజరం.

చర్చి మొత్తం కళ్ళు తెరిచింది. తెల్లచీరల్లోంచి ఒకావిడ దిగి, మధ్య దారిలో గబగబా నడిచి వచ్చింది. తువ్వాలు తీసి పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"మగదేనా?"

"అవునండీ."

"లేవండి."

పాస్టరుగారు ప్రార్థన ఆపలేదు. మేము గుమ్మం దాటేదాకా కొంచెం పొడిగించారు.

క్లినిక్‌లో మత్తిచ్చి సన్నటి గొట్టం వేసింది. సీసాలోకి ఎర్రగా దిగింది. చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడని అడిగింది. తెలియదన్నాను. ఈ రోజు ఆ మాట అనడం రెండోసారి.

"ఇంకో పూట ఆగి ఉంటే బతికేవాడు కాదు, సుశీల్ గారూ."

"ట్రేలు శుభ్రం చేయనందుకేనా?"

"మురికిగా ఉంటే కొన్ని పిల్లులు వెళ్ళకుండా ఆపుకుంటాయి. నీళ్ళు తక్కువ తాగినా రావచ్చు. అదొక్కటే కారణమని నేను చెప్పను."

కాదని కూడా చెప్పలేదు.

మూడు రోజులు అక్కడే ఉంచాలట. ఖాళీ బుట్టతో తిరిగి వచ్చాను. మిగిలిన మూడూ గుమ్మంలో కూర్చుని ఉన్నాయి. బుట్టలోకి చూశాయి. తర్వాత నావైపు చూశాయి.

నవంబరు 24, సోమవారం

సెలవు పెట్టాను. చార్టు చింపాను. ఊక అంతా ఊడ్చాను. అయిదు ట్రేలూ వేడినీళ్ళతో కడిగి డాబా మీద ఆరబెట్టాను. సొరను మంచంలోంచి దించాను. మళ్ళీ కరిచింది.

లిట్టర్ ఏమైందని కొరియర్ వాళ్ళను అడిగితే, పన్నెండో తేదీనే కిందింట్లో ఇచ్చామన్నారు. కిందికి వెళ్ళాను.

"ఆ సంచులా? ఎరువనుకుంటినే అబ్బయ్యా," అన్నారు వెంకటశేషమ్మగారు. "ఒకటి మల్లెచెట్టుకు ఏసినా."

మల్లెచెట్టు మొదలు వానకు గట్టిగా ముద్దకట్టి ఉంది. రెండో సంచి తీసుకున్నాను. ఎలాగూ వచ్చాను కదా అని మొత్తం చెప్పేశాను. పిల్లి సంగతి, ఫోనులో చెప్పిన లెక్కలు, వాసన.

"అది నెత్తళ్ళ వాసన కాదమ్మా."

"తెలుసులే. నాకు ముక్కు లేదనుకున్నావా?"

"మరి నెత్తళ్ళు అడిగినారు?"

"ఇస్తావేమోనని అడిగినా. ఇస్తివి. బాగుండాయి."

నవంబరు 25, మంగళవారం

రెజీనా క్లినిక్‌కే నేరుగా ఫోను చేసి కనుక్కుంటోంది. నాకు చేయలేదు. సాయంత్రం నేనే చేశాను. అబద్ధం చెప్పడం తప్పేనన్నాను.

"తప్పని నాకూ తెలుసులెండి," అంది. "మీరు రోజూ నాలుగు అంటుంటిరి. ఆ మాట విని నేను ఈడ నిమ్మళంగా పండుకుంటి. వాడు ఆడ బాధపడతా ఉండె. నేను నిమ్మళంగా పండుకుంటి. అదీ నాకు బాధ."

నేను ఫోను పెట్టేయలేదు. ఆవిడా పెట్టేయలేదు.

నవంబరు 26, బుధవారం. సాయంత్రం 6:00

వంజరం ఇంటికొచ్చాడు. ముందు కాలికి సూది గుచ్చిన చోట బొచ్చు గొరిగారు. చిక్కిపోయాడు. నేరుగా బీరువా వెనక్కి వెళ్ళాడు. ఇప్పుడు గొట్టం లేదు. తనంతట తను పోయాలి. రేపు పొద్దుటికి పోయకపోతే మళ్ళీ తీసుకురమ్మంది డాక్టరు.

నీళ్ళ గిన్నెలు నాలుగు చోట్ల పెట్టాను. బీరువా ముందు చాప వేసుకున్నాను.

నవంబరు 27, గురువారం. ఉదయం 4:45

మొదటి రోజు.

తీర్మానం: రెండు పూటలా, అయిదు ట్రేలూ. ఎన్ని రోజులో రాయడం లేదు.

హాలు: చిన్నవి రెండు. బాత్రూము: ఒకటి. వరండా: ఒకటి, ఇంకోటి ఖాళీ. పడకగది ట్రే తీయడానికి వంగానో లేదో, బీరువా వెనకనుంచి వంజరం వచ్చాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎక్కాడు. తిరిగాడు. కూర్చున్నాడు. చప్పుడు వినిపించింది. ఇంతకాలం ఆ చప్పుడు నేనెప్పుడూ విన్లేదు.

వెంటనే ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"పోశాడు."

"చూసినారా?"

"విన్నాను."

"చూసి చెప్పండి."

గరిటెతో తీసి చూశాను. నిమ్మకాయంత లేదు. ఉసిరికాయంత కూడా లేదు. నిమ్మకాయంత అందామని నోటిదాకా వచ్చింది.

"చిన్నది," అన్నాను. "రేగుపండంత."

రెజీనా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"చిన్నదైతే చిన్నదనే రాయండి."

రాశాను.