నాలుగున్నర మీటర్లు దాటాను మాస్టారూ

మాస్టారూ,

మీరు వెళ్లిపోయి ఈ రోజుకి ఏడాది. డెకాథ్లాన్‌లోని పది ఆటల్లో నన్నెప్పుడూ ముంచేది పోల్ వాల్టే కదా. మీరు లేకుండా నా వల్ల కాదని మొత్తం మానేద్దామనుకున్నాను.

ఈ పొద్దున పటమట గ్రౌండ్‌కి ఒక్కణ్ణే వెళ్లాను. బార్ పడినప్పుడల్లా నేనే ఎత్తి పెట్టుకున్నాను. ఏడోసారి, పోల్ ఊని పైకి లేచి, మీరడిగిన నాలుగున్నర మీటర్లు దాటాను. పరుపు మీద నుంచే "దాటానండీ!" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, వినడానికి మీరు లేరని.

గడ్డి కోస్తున్న ఒక పెద్దాయన చుట్టూ చూశారు. "ఎవరికి చెబుతున్నావు బాబూ?"

"మా మాస్టారికండీ. పోయారు."

ఆయన కొడవలి కింద పెట్టి దగ్గరికొచ్చారు. "ఉంటే ఏమనేవారు?"

"బార్ ఇంకాస్త పైకి పెట్టమనేవారండీ."

"మరి పెడదాం పద," అంటూ, నేను బార్ కిందికి దించగానే ఆయన దాని రెండో కొస పట్టుకున్నారు.