పది లక్షల మూడు

యారాడ,
3-6-1996

చిరంజీవి మేనల్లుడు గుణశేఖర్‌కి సూరన్న మావయ్య దీవెనలు.

మేమంతా క్షేమమే, పడవే క్షేమంగా లేదు. కొత్త పడవ నీటిలో దించి నెలైనా కాలేదు, మీ చిన్నమావయ్య వరహాలు అప్పుడే పంచేద్దామంటున్నాడు. సగానికి కోస్తే రెండు కట్టెల మోపులవుతాయి గాని రెండు పడవలవుతాయా? నువ్వు లెక్కల మేష్టారివి. ఎవరూ పంచలేని నెంబరొకటి రాసి పంపు. పడవ ముక్కు మీద వేయిస్తాను.

సూరన్న

తా.క. చిన్నది పంపకు. వరహాలు వేళ్ళ మీద పంచేస్తాడు.

విశాఖపట్నం,
10-6-1996

సూరన్న మావయ్యకు నమస్కారాలు.

10,00,003 వేయించండి. ఇది ప్రధాన సంఖ్య. వెయ్యిలోపున్న నూట అరవై ఎనిమిది ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూశాను, ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. ఆ పైన చూడక్కర్లేదు. దీన్ని మిగులు లేకుండా భాగించేవి రెండే. ఒకటి, తాను.

గుణశేఖర్

తా.క. ఒకటి మాత్రం కలపకండి. చెరిసగం అయిపోతుంది.

యారాడ,
17-6-1996

గుణశేఖర్‌కి,

నీ ఉత్తరం కొంప ముంచింది. వేటలో పడవకీ ఒక వాటా తీస్తామని నీకు తెలుసు. కాబట్టి 'తాను' అంటే పడవ, ఒప్పుకున్నాను. మరి ఆ 'ఒకటి' ఎవరు? పెద్దవాణ్ణి గనక నేనే అన్నాను. "వల ఏసేది నాను, ఒకటి నానే" అంటాడు వరహాలు. మూడు రోజులుగా పడవ ఇసకలోనే ఉంది. ఆ ఒకటి పేరు వెంటనే రాయి.

సూరన్న

తా.క. నా పేరు రాస్తే వంజరం పంపుతాను.

విశాఖపట్నం,
22-6-1996

మావయ్యకు నమస్కారాలు.

ఒకటి మనిషి కాదు, అంకె. దానితో భాగిస్తే ఏమీ తరగదు, చీలదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేదే ఒకటి. దయచేసి వేటకు వెళ్ళండి.

గుణశేఖర్

తా.క. చిన్నమావయ్య కూడా ఉత్తరం రాశాడు. ఆయన రొయ్యలు పంపుతానన్నాడు.

యారాడ,
28-6-1996

నాయనా గుణా,

నాను మీ అమ్మమ్మ ముసలమ్మని. నాను సెప్తన్నాను, సూరన్న కూతురు ఈశ్వరి రాత్తంది. నీ ఉత్తరం ఇద్దరి ముందూ సదివించినాను. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేది ఒకటన్నావు. ఈ ఇంట్లో అది నాను కాకపోతే ఇంకెవులు? ముప్పై ఏళ్ళు పూర్ణా మార్కెట్లో సేపల గంప దించి ఈ పడవ సేయించినాను. ఈళ్ళిద్దరూ తెడ్డేసేవోళ్ళు. ఏటకి పొమ్మన్నాను, పోయినారు.

నాను పోయినాక ఒకటి కలిపి, మూడుని నాలుగు సేసి, సెరిసగం పంచుకోమన్నాను. ఇద్దరూ కళ్ళు తుడుసుకున్నారు. పిచ్చి నాయాళ్ళు.

మీ అమ్మమ్మ

తా.క. పెయింటరు తాతబాబు సేత ఆ మూడు మీద ఇంకో రెండు పూతలు ఏయించినాను. ఇప్పట్లో సెరగదు.