మడత మార్చని పట్టు జెండా

అన్నా,

ఈరోజు పట్నం మ్యూజియం నుంచి ఒకామె వచ్చింది. మీ వాలంటీరు దండు యుద్ధానికి తీసుకుపోయిన పట్టు జెండాలు రెండే మిగిలాయట. దండు ఎత్తేసిన రోజు నీకిచ్చింది మన పెట్టెలో, రెండోది కావలిలో నీ తోటివాడి ఇంట్లో. బాగున్నదాన్ని అద్దంలో పెట్టి, కింద దాచినవాడి పేరు రాస్తారట. ఆమె వస్తుందని కబురందిన వారం నుంచి, నీ పేరే రావాలని నాకు అన్నం సహించలేదు. పులికాట్ ఉప్పుగాలి తగిలిందేమోనని భయం, పురుగు పట్టిందేమోనని భయం.

నువ్వున్నప్పుడు ఒకసారి, నా పట్టుచీరలతో పాటు దాని మడత కూడా మార్చాను.

"ఇది నీ చీర కాదు మే! దండులో ఎట్ట మడిచినారో అట్టనే ఉండాల," అని చెంప పగలగొట్టావు. నువ్వు పోయి ఇరవై ఏళ్లయినా మళ్లీ వేలు పెట్టలేదు.

ఆమె విప్పింది. మడత ఉన్నచోటల్లా చిరిగి పదహారు ముక్కలైంది.

"పట్టుకు మడతలు మార్చాలని తెలీదా అవ్వా? కావలి ఆయన భార్య కర్రకు చుట్టి అటక మీద పారేసింది. చెక్కుచెదరలేదు," అంది.

నువ్వు తాగుబోతని తిట్టినవాడి పేరే అద్దం కింద ఉంటుంది.

"ఎవరు మార్చొద్దన్నారు?" అని అడిగింది.

తెలియక నేనే చేశానంటే నమ్మేది. నేను నీ పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. పాడైన వస్తువుల పుస్తకంలో రాసుకుంది. నాకొచ్చిన కాస్త చదువుతో దగ్గరుండి చూశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

నీ చెల్లెలు