మూడు మిల్లీమీటర్ల పొట్టి కట్టర్

స్టోర్ అధికారి అయిన మా బావమరిదికి,

బావ రాసేది. గోడకవతలే కూర్చుంటావు. అయినా నోటిమాట చెల్లదన్నావు కాబట్టి రాస్తున్నాను.

మేనేజర్ గారు కంప్యూటర్ మెషిన్ మీద ఒక అల్యూమినియం పలక చెక్కమన్నారు. దాని మీద అక్షరాలు. శుక్రవారానికి కావాలి. అది దేనికో ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పను. ఉన్నవి మూడే పలకలు.

మూడు మిల్లీమీటర్ల కట్టర్ పంపు. రెండు ఫ్లూట్లది, అంటే ఒంటి మీద రెండే గాడులున్నది. పైపూత వద్దు. అల్యూమినియం మెత్తన, అంటుకుంటుంది.

ఇట్లు,
మెషిన్ దగ్గరి బావ

తా.క. మీ అక్క కులాసా. ఇది నోటితో చెప్పినా చెల్లేదేమో.

*

బావగారికి నమస్కారాలు.

రెండు గాడులేమిటండీ, మరీ మొహమాటం! సొంత బావకి తక్కువ చేస్తానా? నాలుగు గాడులది పంపాను. రెండింతలు కోస్తుంది. పైగా బంగారు రంగు పూత. క్యాటలాగు అట్ట మీద బొమ్మ దానిదే. కంటికి మెరిసింది, ఎంచేశాను.

మీ విధేయుడు,
స్టోర్ అధికారి

తా.క. థాంక్స్ నోటితో చెప్పకండి. రాసివ్వండి.

*

స్టోర్ అధికారి గారికి,

గారు అంటున్నాను, గమనించు.

నీ బంగారం నాలుగో అక్షరం దగ్గర విరిగింది. గాడులు ఎక్కువైతే ఇరుకవుతాయి. కోసిన తురుము బయటికి పోయే దారిలేక లోపలే అతుక్కుంది. విరిగిన ముక్క పలకలోనే నిలబడి ఉంది. మెరుస్తోంది మాత్రం.

ఈసారి ఇలా రాసుకో: మూడు మిల్లీమీటర్లు, రెండు ఫ్లూట్లు, పూత లేనిది, పొట్టిది. పొడుగైతే వణుకుతుంది.

ఇట్లు,
బావ

తా.క. రాసివ్వమన్న థాంక్స్ ఇదే.

*

బావగారికి,

కంప్యూటర్‌లో వివరణ గడి చిన్నది. మీ ‘పొట్టిది’ గడి దాటిపోయింది. గడి దాటింది కంప్యూటర్ చదవదు, కంప్యూటర్ చదవంది నేను చదవను. అందుకని పొడుగుదొచ్చింది. సర్దుకోండి.

ఇంకో పలక పాడైతే మాత్రం మెషిన్ వేరేవాళ్లకిచ్చి మిమ్మల్ని ప్యాకింగుకి పంపమని మేనేజర్ గారికి రాయాల్సి వస్తుంది. బావ బావే, రూలు రూలే.

ఇట్లు,
స్టోర్ అధికారి

తా.క. మళ్లీ ఆలస్యమెందుకని ఇప్పుడే రాసేశాను. కాపీ జత చేశాను.

*

బావమరిదికి,

పొడుగుది వణికింది. రెండో పలక మీద అక్షరాలు చలిజ్వరంలో రాసినట్టున్నాయి. మూడోదానికి నిన్ను అడగలేదు. నా పాత రేకుడబ్బాలో ఒక పొట్టి కట్టరుంటే బిగించాను. పలక అద్దంలా వచ్చింది.

నీ ఉత్తరం పట్టుకుని మేనేజర్ గారు వచ్చారు. నాకేమో ఎదురుగా నిలబడి మాట్లాడటం రాదు. అన్నీ రాతలోనే ఉండాలని నువ్వే అన్నావు కదా, నీ ఉత్తరాలు రెండూ ఆయన చేతిలో పెట్టాను. చదివి చాలాసేపు నవ్వారు. మెషిన్ నాకే ఉంచారు.

ఇక ఆ పలక దేనికో చెప్పొచ్చు. నీకే. ‘అడిగింది అడిగినట్టు అందించే ఉత్తమ స్టోర్ అధికారికి’ అని చెక్కమన్నారు. శుక్రవారం సభకి అందరినీ పిలిచేశారు కాబట్టి ఇవ్వక తప్పదట. మూడింటిలో ఏదివ్వాలో నన్నే ఎంచమన్నారు. ఎంచడం నీ దగ్గరే నేర్చుకున్నాను. కంటికి మెరిసిందే ఎంచాను.

మొదటిది.

ఇట్లు,
మెషిన్ దగ్గరే ఉన్న బావ

తా.క. దాని మీద ‘అడిగిం’ వరకే ఉంది. మిగతాది గడి దాటిపోయిందనుకో. సర్దుకో.