ఎడ్మండ్ గౌను

దార్సైట్,
మస్కట్,
జూన్ 1991

షేక్ బాషా గారికి మీ జైనబీ సలాం చేసి రాసుకునేది. క్షేమం అని రాయలేకపోతున్నాను. మీరు రాత్రిబడికి పోయి సొంతంగా చదవడం, రాయడం నేర్చుకున్నారు కాబట్టి మూడో మనిషికి తెలియకుండా చెబుతున్నాను.

నేను పనిచేసే ఇంగ్లీషు మేడమ్ ఒంటరి మనిషి కదా! అయినా తలుపేసుకుని ఎడ్మండ్ అనే మగమనిషితో మాట్లాడుతోంది. నిన్న ఫోనులో "గురువారానికల్లా ఎడ్మండ్‌ను చంపెయ్యాలి" అంది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో 'కిల్' ఒకటి, బొద్దింకల మందు డబ్బా మీద నేర్చుకున్నాను. గోడమీది ఫొటో చూపించి ఎవరని అడిగితే ఎడ్మండ్ అంది. ఫొటోలో పాదాల దాకా గౌను!

ఇట్లు,
మీ జైనబీ

తా.క. ఎడ్మండ్‌కూ టీ పెట్టనా అని అడిగాను. "ఇక అక్కర్లేదు" అంది.

మైదుకూరు,
జూలై

జైనబీకి బాషా దీవెనలు. గౌను తొడిగిన మగవాడున్న ఇంట్లో ఒక్క పూట కూడా ఉండొద్దు. వాడి తర్వాత నీ వంతే. పని మానేసి వచ్చెయ్. ఇది నా ఆజ్ఞ.

ఇట్లు,
నీ భర్త బాషా

తా.క. నాకేం భయం లేదు. చెల్లెలు నసీమానే ఇంట్లో దీపం ఆర్పనివ్వడం లేదు.

దార్సైట్,
ఆగస్టు

మీ మాట కాదనలేక మానేస్తానన్నాను. మేడమ్ కారణం అడిగితే ఫొటో చూపించాను. పగలబడి నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పింది. ఫొటోలో ఉన్నది నూరేళ్ల కిందట నవలలు రాసిన ఆవిడట! ఆడవాళ్లు రాస్తే అచ్చెయ్యని కాలంలో ఎడ్మండ్ అని పేరు పెట్టుకుని, కలం మీదే బతికిందట. మేడమ్ ఆవిడతో మాట్లాడుకుంటూ ఆవిడ జీవితచరిత్ర రాస్తోందట, ఆవిడ చనిపోయే అధ్యాయం గురువారానికల్లా ముగించాలట.

ఇప్పుడు భయం పోయి ఏడుపొస్తోంది. ఇంత మంచి ఇల్లు మళ్లీ దొరకదు. అయినా మీ ఆజ్ఞ కదా! వచ్చే నెల విమానమెక్కుతాను.

ఇట్లు,
మీ జైనబీ

తా.క. మగపేరు చూడగానే అందరూ నమ్మేశారట. ఎంత అమాయకులండీ!

మైదుకూరు,
ఆగస్టు

భాభీ, రావద్దు! పోస్టు ఆలస్యమని, మస్కట్ వస్తున్న మన వీధి ఖాదర్‌వలి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

రాత్రిబడికి పోయింది అన్నయ్య కాదు, నేను. నీ ఉత్తరం చదివి వణికిపోయి, రమ్మని రాశాను. నా పేరుతో రాస్తే వింటావా? చిన్నపిల్ల మాట అంటావు. అన్నయ్యకు మంచి కబుర్లే చదివి వినిపించాను. "బాగుండాదా? సరేలే" అని నిద్రపోయాడు. నువ్వొచ్చి ఆజ్ఞ చూపిస్తే నన్ను బతకనివ్వడు. నీ కాళ్లు పట్టుకుంటాను, అక్కడే ఉండు.

ఇట్లు,
ఉత్తరాల్లో నీ భర్త, ఇంట్లో నీ ఆడబిడ్డ,
నసీమా

తా.క. పాత ఉత్తరాల్లోని 'నువ్వు లేక అన్నం సయించడం లేదు' లాంటివన్నీ నావే. అన్నయ్య చెప్పి రాయించింది ఒక్కటే, టేప్‌రికార్డర్ పంపమని.