మా గల్లీ బోరునీటిలో ఏ దోషమూ లేదు

విశ్వవిద్యాలయ పరిశోధనా వ్యవహారాల విచారణాధికారి గారి సముఖమునకు,

ఎల్‌బీ నగర్, నందనగిరి కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి విశ్రాంతి పొందిన వెంకటనర్సయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పోషకాహార శాఖ పరిశోధక విద్యార్థిని కుమారి మృదుల గారిపై తాము జరుపుచున్న విచారణలో ఆమె నిర్దోషి అనియు, దోషి ఈ అర్జీదారుడే అనియు తెలియజేసుకొనుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. ఈ కాలనీ తరఫున నేను ఇదివరకు పలు కార్యాలయములకు పంపిన అర్జీలన్నియు ఇతరుల తప్పులను గూర్చినవి. మురుగుకాలువ మూత గూర్చి, వెలగని వీధిదీపము గూర్చి, బాలాపూర్ వైపు పోవు లారీలు మా గల్లీలో దూరుట గూర్చి. స్వంత తప్పును గూర్చి వ్రాయుట ఇదే మొదలు. కావున భాషలో తడబాటున్న యెడల మన్నించగలరు.

2. తమ విశ్వవిద్యాలయంలో ఎన్ని శాఖలున్నవో నాకు సరిగా తెలియదు గాని, వాటిలో చాలా శాఖల విద్యార్థులు మా ముందుగదిలో కూర్చుని చాయ తాగినవారే. మెట్రో దిగి నడిచి రాగల దూరం, అడిగితే కాదనని కార్యదర్శి, ఇంకేం కావాలి వాళ్లకు? భాషాశాస్త్రం అబ్బాయి గరిటెను మేమేమంటామో అడిగాడు. భూగోళశాస్త్రం అమ్మాయి, కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయాక మామిడిపండ్లు ఎక్కడ కొంటున్నామో అడిగింది. వాణిజ్యశాఖ వారికి బాలాపూర్ లడ్డూ వేలం కావాలి. మనస్తత్వశాస్త్రం వారు పక్కింటివాళ్లతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారని ఆరా తీశారు. ఒక అమ్మాయి పిచ్చుకల కోసం వచ్చింది. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. ఇన్ని శాస్త్రాలకు నా నోటిమాట పనికొస్తోందని ఛాతీ ఉబ్బేది. వాళ్ల థీసిస్‌లలో కృతజ్ఞతల పేజీలో నా పేరు అచ్చయితే మా ఇంటావిడ పూలమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించేవాణ్ణి.

3. అయితే నాకొక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే, నిజమేమిటి అని కాక, ఏం చెబితే కాలనీకి మర్యాద అని ఆలోచిస్తాను. మా గల్లీలో పిచ్చుక కనబడి ఏళ్లయింది. ఆ అమ్మాయితో మాత్రం "రోజు పొద్దుగాల్ల ఒస్తయి బిడ్డా" అన్నాను. ఆమె సంబరంగా రాసుకుని వెళ్లింది. పిచ్చుకల వల్ల ఎవరికీ నష్టం రాలేదు కదా అని ఊరుకున్నాను.

4. మృదుల గారు రావడానికి ముందు ఫోన్ చేశారు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల తిండి గురించి అడుగుతానని, ఒప్పుకున్నవాళ్ల రక్తం కూడా పరీక్ష చేయిస్తానని చెప్పారు. నేను వెంటనే సంఘం మీటింగ్ పెట్టాను. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పాను.

"యూనివర్సిటీ పిల్ల ఒస్తది. తిండి గురించి అడుగుతదట. మన గల్లీ ఇజ్జత్ తీయకుండ్రి. ఇంటిల్లిపాదీ కలిసే తింటం, ఆకుకూర రోజు ఉంటది, గుడ్డు తప్పదు, ఐతారం మటన్ తింటం. గిట్ల చెప్పుండ్రి. అందరి మాట ఒక్కటే ఉండాలె."

అయ్యా, తమ విచారణకు అవసరమైన నేరం ఇదే. తక్కినదంతా దీనికి పుట్టినది.

5. మృదుల గారు మొదట మా ఇంటికే వచ్చారు. ప్రశ్నలు మా కోడలు సౌందర్యకు. కుర్చీలో కూర్చుని జవాబులు చెప్పింది నేను. సౌందర్య వంటింటి గడపలో నిలబడి ఉంది.

"మీ ఇంట్లో చివర ఎవరు తింటారు అంకుల్?"

"చివర, మొదలు ఏముంటది బిడ్డా? అందరం కలిసే తింటం. మా కోడలికి ముక్క ముందేసినంకనే మాకు."

ఆ పిల్ల నా జవాబు రాసుకోకుండా గడప వైపు తిరిగింది. "అవునా అక్కా?"

సౌందర్య నా వైపు చూసింది. కొంచెం సేపే చూసింది. "ఔ" అంది.

నిజమేమిటో ఇప్పుడు రాస్తున్నాను. ముందు నేను తింటాను. తరువాత మా అబ్బాయి రాజశేఖర్ టైల్స్ షోరూం నుంచి వచ్చి తింటాడు. తరువాత పిల్లలు, ఆపైన పూలమ్మ. సౌందర్య ఎప్పుడు తింటుందో, ఏం తింటుందో నాకు తెలియదు. ఆమె మా ఇంటికి వచ్చినప్పటి నుంచి అన్నం తింటుండగా నేను ఏనాడూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా మృదుల గారు ఆ ప్రశ్న అడిగేదాకా నాకు తట్టలేదు. తట్టిన తరువాత కూడా అబద్ధమే చెప్పాను.

6. రక్తపరీక్షల్లో సౌందర్యకు రక్తం బాగా తక్కువని తేలింది. ఆమెకే కాదు, గల్లీలో చాలామంది ఆడవాళ్లకు. మృదుల గారు మళ్లీ వచ్చి తల పట్టుకున్నారు. "అంకుల్, తిండి చూస్తే ఇంత బాగుంది. రక్తం మాత్రం లేదు. ఎందుకో అర్థమవుతలేదు." నేను గంభీరంగా మొహం పెట్టి, "నీళ్లల్ల ఏమన్నా దోషముందేమో చూడు బిడ్డా" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

అక్కడి నుంచి తమ శాఖలు ఒకదాని వెనుక ఒకటి కదిలాయి. రసాయనశాస్త్రం వారు మా గల్లీ బోరునీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. భూగర్భశాస్త్రం వారు బోరు ఎంత లోతని అడిగి, ఖాళీ ప్లాటులో రాళ్లు ఏరుకున్నారు. ఒకాయన మా వంటగిన్నెలను గీకి ఆ పొడిని పొట్లం కట్టుకున్నాడు. జనం భయపడి బోరునీళ్లు తాగడం మానేశారు. ఎండలో ఆడవాళ్లు డబ్బానీళ్లు మోసుకొస్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఒక్క మాట చెప్పి ఉంటే అదంతా ఆగేది. రోజు గడిచేకొద్దీ ఆ ఒక్క మాట చెప్పడం ఇంకా కష్టమైంది.

7. తమ వద్ద పరిశోధనల ప్రదర్శన జరిగినప్పుడు నన్నూ సౌందర్యనూ పిలిచారు. హాలు నిండా బోర్డులు. ఒకచోట వరి విత్తనాలు, ఒకచోట పాత శాసనాల అచ్చులు, ఒకచోట మనుషులు నడిచే తీరును కొలిచే యంత్రం. వాటి మధ్య మా గల్లీ పటం, బోరు గుర్తుతో సహా. నాకు శాలువా కప్పారు. మృదుల గారి గైడు, ఆచార్య శ్రీరామమూర్తి గారు మైకు తీసుకుని అన్నారు:

"ఈ కాలనీ ఆడవాళ్లు మనందరికంటే బాగా తింటున్నారండీ. మరి ఆ బలమంతా ఎక్కడికి పోతోంది? అదే మన ముందున్న ప్రశ్న."

హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పక్కన చూస్తే సౌందర్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో మృదుల గారు మాకు తోడు వచ్చారు. ఎల్‌బీ నగర్ స్టేషన్ మెట్లు దిగుతూ సౌందర్య గోడ పట్టుకుంది. అలాగే జారి మెట్టు మీద కూర్చుండిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. జనం పక్కనుంచి దిగిపోతున్నారు. మృదుల గారు నీళ్లు తాగించి, చున్నీతో విసురుతూ అడిగారు.

"అక్కా, పొద్దున ఏం తిన్నవ్?"

సౌందర్య కళ్లు తెరిచి నన్ను చూసింది. గొంతులో కోపం లేదు.

"మామయ్యను అడుగు మేడం. నా తిండి సంగతి ఆయనే చెప్తడు."

అయ్యా, బస్టాండులో మైకు పట్టుకుని ఎన్నో బస్సుల రాకపోకలు చాటినవాణ్ణి. ఆ మెట్ల మీద మాత్రం వాళ్లు కప్పిన శాలువాను మడత పెట్టుకుంటూ నిలబడ్డాను. మృదుల గారు నన్ను చూశారు, ఆమెను చూశారు. కింద బండి దగ్గర అరటిపండ్లు కొని, తొక్క తీసి, సౌందర్య చేతిలో పెట్టి, తినేదాకా అక్కడే నిలబడ్డారు. కోడలు తింటుండగా నేను చూడడం అదే మొదటిసారి. నడివీధిలో, పరాయి పిల్ల కొనిచ్చిన పండు.

ఇక్కడి నుంచి అంకెలు వేసి రాయడం నా వల్ల కావడం లేదు. మన్నించండి.

మృదుల గారు దాచిపెట్టి ఉంటే దాగేది. అప్పటికే థీసిస్ సమర్పించారు. ఆ పిల్ల మాత్రం గైడు గారి దగ్గరికి వెళ్లి, ఈ గల్లీ జవాబులు నమ్మదగినవి కావు, వెనక్కి తీసుకుంటానని చెప్పిందట. అప్పుడు కాగితాలన్నీ పరిశీలిస్తే అన్ని ఇళ్ల జవాబులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇల్లిల్లూ తిరగకుండా హాస్టల్ గదిలో కూర్చుని తానే నింపిందని తమ కార్యాలయం ఆమెకు నోటీసు ఇచ్చింది. నోటీసు సంగతి నాకు ఆమె చెప్పలేదు. పిచ్చుకల అమ్మాయి చెప్పింది. నేను పరుగున ఫోన్ చేశాను.

"నా పేరు చెప్పు బిడ్డా. నేనే నేర్పిన అని చెప్పు."

"ఎట్ల చెప్తా అంకుల్? ఏ జవాబు ఎవరు చెప్పిన్రో పేరు బయటికి రాదని ముందే సంతకం పెట్టి ఇచ్చిన కదా."

"నీ చదువు పోతది కదా!"

"పోతే పోనీ. మీకిచ్చిన మాట తప్పితే రేపు ఏ అక్క నాతోని నిజం మాట్లాడుతది?"

నేను చెప్పిన అబద్ధానికి ఆ పిల్ల ఇచ్చిన విలువ అది.

ఫోన్ పెట్టేసి పూలమ్మకు అంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్నది, చెయ్యి ఆపలేదు.

"మీ అమ్మ బతికున్నన్ని రోజులు నేను గిన్నె అడుగు గీక్కొనే తిన్న. ఇద్దరు పిల్లలు కడుపుల ఉన్నప్పుడు సుత గట్లనే తిన్న. నన్ను ఏ యూనివర్సిటీ అడిగింది? నువ్వు అడిగినవా?"

"నువ్వు ఎన్నడు చెప్పలే కదనే."

"చెప్పేదేముంది? గిన్నె నీ ముంగటే ఉండె."

ఆమె బియ్యం తీసుకుని లోపలికి పోయింది. ఈ తప్పులో ఆమెకూ కొంత భాగం ఉందని, కోడలికి చివరి బంతి నేర్పింది ఆమేనని అనబోయి ఆగిపోయాను. చివరి బంతి ఆమెకు నేర్పింది నా ఇల్లే.

మరునాడు గల్లీలో ప్రతి గడపకూ వెళ్లాను. నేను నేర్పిన మాటలు మరిచిపోండి, ఆ పిల్ల మళ్లీ వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని బతిమాలాను. మగవాళ్లు కొందరు మొహం చిట్లించారు. ఆడవాళ్లు చాలామంది తలుపు చాటునే నిలబడి విన్నారు. యాదలక్ష్మి అనే కుట్టుపని ఆవిడ మాత్రం నవ్వి, "నిజం చెప్పమంటున్నవ్ గని సెక్రెట్రీ సాబ్, అప్పుడు నువ్వు ముంగట కూసోవు గద?" అంది. కూర్చోనని మాట ఇచ్చాను. తమ ముందుకు వచ్చి, ఆ పిల్ల ఇంటింటి గుమ్మం దాకా నిజంగా వచ్చిందని సాక్ష్యం చెప్పడానికి ఆ ఆడవాళ్లు ఒప్పుకున్నారు.

కావున తమతో మనవి చేయునది: మృదుల గారికి ఇచ్చిన నోటీసు రద్దుచేయవలెను. ఆమె ఒక్క జవాబు కూడా కల్పించలేదు, మేము కల్పించినది నిజాయితీగా రాసుకున్నది. ఆమెచేతనే మళ్లీ మా గల్లీలో సర్వే చేయించవలెను. ఆ సమయంలో మగవాళ్లను, ముఖ్యంగా ఈ అర్జీదారుని, ఆ గదుల్లో ఉండనివ్వకూడదు. రసాయన, భూగర్భ శాఖల వారికి మా బోరును వదిలిపెట్టమని చెప్పగలరు. నీళ్లు మంచివే. మా గల్లీకి పిచ్చుకలు రావడం లేదని పిచ్చుకల అమ్మాయికి కూడా కబురు పెట్టగలరు, ఆమెతో నేరుగా చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఇక మీదట ఏ థీసిస్‌లోనూ నాకు కృతజ్ఞతలు చెప్పవద్దు.

ఆమె నా పేరు చెప్పనని మాట ఇచ్చింది. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. అందుచేత నా పేరు నేనే రాస్తున్నాను. ఇది తాము చిత్తగించి, వేయవలసిన శిక్షను వేయవలసిన వానికే వేయవలెను.

ఇట్లు,
ఇంతకాలం తమ శాఖలన్నింటికీ మర్యాదగా అబద్ధమాడిన
తమ విధేయుడు,
వెంకటనర్సయ్య

తా.క. సంతకం పెట్టి మధ్యాహ్న భోజనానికి లేచాను. సౌందర్య అప్పటికే తిని చెయ్యి కడుక్కుంటోంది. గిన్నె మూత తీస్తే బీరకాయ కూర అడుగున కొద్దిగా మిగిలింది. అయ్యా, నాకు కోపం వచ్చింది. ఇదంతా రాసిన చేతితోనే మూతను విసురుగా పెట్టాను. ఆ చప్పుడుకు ఆమె తిరిగి చూసి, "ఇంకేమన్న చేయాల్నా మామయ్యా?" అని అడిగింది. వద్దన్నాను. అనడానికి కొంతసేపు పట్టింది. మృదుల గారు మళ్లీ వచ్చినప్పుడు దీన్ని కూడా రాసుకోమని చెప్పగలరు.