ఒకరి ప్లేట్ ఒకరు

సుజాతక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. బాన్సువాడ బడిల నువ్వు పెట్టిన పద్ధతి ఇంకా నడుస్తున్నది. కొట్లాడుకున్న పిల్లలు మధ్యాహ్నం అన్నం తిన్నంక ఒకరి ప్లేట్ ఒకరు కడగాలె.

ఇయ్యాల మూడో తరగతిల మన ఊరి సనా, తండా నుంచి వచ్చే అనిత జుట్లు పట్టుకున్నరు. "ముందుగాల ఎవరు కొట్టిన్రు?" అని గట్టిగ అరిచిన. నువ్వు ఎన్నడూ అడగని మాట అది. ఇగ సనా అని కొందరు, అనిత అని కొందరు, క్లాసు రెండు ముక్కలైంది. తండా పిల్లలు ఒక దిక్కు, ఊరి పిల్లలు ఒక దిక్కు కూసొని తిన్నరు.

నల్లా కాడ ఆ ఇద్దరూ ముఖాలు తిప్పుకొనే ప్లేట్లు మార్చుకున్నరు. అనిత తోముకుంట అడిగింది, "టీచర్, నువ్వు, సుజాత టీచర్ ఎప్పుడన్న కొట్లాడిన్రా?"

"లేదు బిడ్డా" అన్న.

అబద్ధం చెప్పిన అక్కా. నీ ఆఖరి వారం మనం మాట్లాడుకోనే లేదు. ఒక పిల్ల మీద నేను చెయ్యి లేపితె అందరి ముందట ఆపినవని నాకు కోపం. ఎదురెదురుగ కూసొని తిని, ఎవరి ప్లేట్ వాళ్లమే కడుక్కున్నం.

నీ స్టీలు ప్లేట్ ఇంకా అల్మారలనే ఉంది. బడి ఇడిశినంక తీసుకొని నల్లా కాడికి పోయిన. దుమ్ము తుడిస్తె మెరిసింది. కడగనీకి ఏం లేదు. నువ్వే కడుక్కొని పెట్టినవు గద.